పాత చీర ఎప్పుడు వింటేజ్ అవుతుంది?

ఒకే చీరకి మన ఊళ్ళలో మూడు పేర్లున్నాయి. ఇక కట్టలేమని తేల్చుకుని ఇంట్లో పనిచేసే ఆమె చేతిలో పెడితే దాని పేరు దానం. పండక్కి చీరిచ్చామని నలుగురికీ చెప్పుకుంటాం కూడా. "పాత బట్టలకు స్టీలు సామాన్లూ" అని కేకేస్తూ వచ్చినామె ముందు పడేస్తే అది పాతగుడ్డ. అంచు పట్టి లాగి చూసి, చిరుగు వెతికి, ఈ గిన్నెకి ఇంకో రెండు చీరలు వెయ్యమ్మా అంటుంది. అదే చీర పెద్దరోడ్డు పక్కన అద్దాల గదిలోకి చేరి, ముక్కలై, జాకెట్టో పొడుగు కోటో అయి హేంగరుకి వేలాడితే వింటేజ్. ధర చీటీ మీద నాలుగంకెలు, ఒక్కోసారి అయిదు. పక్కనే చిన్న అట్టముక్క మీద 'ఒక అమ్మమ్మ జ్ఞాపకం' అని అందమైన అక్షరాలు.

ఏ అమ్మమ్మ? అట్ట మీద ఆమె పేరుండదు. ఆ జాకెట్టు కుట్టినామె పేరు అసలే ఉండదు. డిజైనర్ పేరు మాత్రం మెడపట్టీ లోపల పట్టుదారంతో నేసి ఉంటుంది.

బట్టకి వయసు దానంతటది రాదు. ఎవరో ఒకరు కట్టుకోవాలి, ఉతకాలి, నీడపట్టున ఆరెయ్యాలి, మడతలు మార్చి మార్చి పెట్టాలి, పురుగు పట్టకుండా చూడాలి, తెగినచోట రఫూ చెయ్యాలి. నలభై ఏళ్ళ ఇంటిచాకిరీ ఉంటేగానీ ఒక చీర నలభై ఏళ్ళ చీరగా మిగలదు. మార్కెట్ ఇప్పుడు ఆ వయసుకి వెల కడుతోంది. ఆ వయసుని బట్టకిచ్చిన చేతులకీ, చెడకుండా దాన్ని మళ్ళీ కుడుతున్న చేతులకీ మాత్రం కట్టడం లేదు. పైగా మనలాంటి చదువుకున్న ఆడవాళ్ళం, రాసే ఆడవాళ్ళం, ఆ హేంగరు ముందు నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాం. నా పోట్లాట ఇక్కడే.

ముందే ఒక మాట చెప్పాలి. పాత బట్టతో కుట్టడం మీద నాకు ఏ కోపమూ లేదు. నేనూ కుడతాను. మా అమ్మమ్మది వరంగల్. ఆమె పెట్టెలోంచి నాకు దక్కినవాటిలో ఆజంజాహి మిల్లు లాంగ్‌క్లాత్ ముక్క ఒకటుంది. 1934లో నిజాం కాలంలో పెట్టిన ఆ మిల్లు మూతపడి చాలా కాలమైంది. బట్ట మాత్రం ఇంకా గట్టిగా ఉంది. దాన్ని కత్తిరించడానికి నాకు రెండేళ్ళు పట్టింది. చివరికి రెండు దిండు గలీబులు, ఒక లోపలి జేబు కుట్టాను. మిల్లు ముద్ర ఉన్న చివర పక్కన పెట్టాను. ఇలా తనకోసం, తనవాళ్ళకోసం పాతబట్ట ముందు కూర్చునే ఆడవాళ్ళు ఊరూరా ఉన్నారు. వాళ్ళనెవరూ డిజైనర్లనరు, వాళ్ళకా బాధా లేదు.

కుట్టేవాళ్ళకి తెలుసు పాత పట్టు ఎంత మొండిదో. బీరువాలో ఏళ్ళతరబడి ఒకే మడత మీద ఉన్న చీర సరిగ్గా ఆ మడత వెంట చీలుతుంది. అందుకని ముందు దీపానికడ్డంగా పట్టి చూడాలి. ఎక్కడెక్కడ పోగులు పలచబడ్డాయో సుద్దముక్కతో గుర్తు పెట్టుకోవాలి, ఆ గీతలు తప్పించి కత్తెర వెయ్యాలి. వెనక మల్లుగుడ్డ వేసి, ముందు చేత్తో కచ్చా కుట్టు కుట్టి, రెంటినీ ఒకటి చేశాకే మిషన్ ఎక్కించాలి. సన్నసూది కావాలి. కుట్టు మరీ దగ్గరగా పడితే చిల్లులన్నీ కలిసి కాగితం చింపినట్టు వరసగా చిరుగుతుంది. ఆవిరి ఇస్త్రీ పెట్టామంటే పాత జరీ ఏ రంగుకి తిరుగుతుందో చెప్పలేం. అన్నిటికన్నా ముఖ్యం, తప్పు కుడితే విప్పి మళ్ళీ కుట్టడానికి లేదు. సూది దిగినచోటల్లా మచ్చ అలాగే ఉండిపోతుంది. కొత్త బట్టకి వంద తప్పులు క్షమాపణ, పాతదానికి ఒక్కటీ లేదు.

ఈ పనంతా చేసేదెవరు? మా వీధి చివర ఒకామె ఒక గదిలో రెండు మిషన్లు పెట్టుకుని కుడుతుంది. పదిహేనేళ్ళుగా నా జాకెట్లన్నీ ఆమెవే. ఓ బొటిక్ (పేరు అక్కర్లేదు, ఒకటి కాకపోతే ఇంకొకటి) ఆమెకి పాత పట్టుచీరల జాకెట్లు పని ఇచ్చింది. జాకెట్టుకి రెండు వందల యాభై. మామూలు లైనింగ్ జాకెట్టుకి వీధిలోవాళ్ళం ఇచ్చేదాంతో సమానం. నేనడిగాను, ఎంతసేపు పడుతుందని.

"కొత్త బట్టయితె పూటకు రెండు కుడ్తా మేడం. గీ పాత పట్టు దినమంత తింటది. మిషన్ల పెడితె సూది దిగిన కాడల్ల రంధ్రమైతది. భయం భయం."

భయం ఎందుకంటే కుడుతున్నప్పుడు చిరిగితే ఆ బట్ట ఖరీదు ఆమె కూలిలో కోత. నలభై ఏళ్ళ పట్టు చిరుగుతుంది, అది దాని స్వభావం. ఆ వయసునే కదా వాళ్ళు అమ్ముకుంటున్నది! అమ్మేటప్పుడు వయసు లాభం షాపుది, చిరిగేటప్పుడు వయసు నష్టం కుట్టేమనిషిది. ఆమె కుట్టిన జాకెట్టే ఆరున్నరవేల చీటీతో వేలాడటం నేను చూశాను. వెనక హుక్కుల పట్టీ ఆమె మడిచే తీరు నాకు తెలుసు, అందుకే గుర్తుపట్టాను. షాపులో అడిగితే 'మా ఆర్టిజన్స్' చేశారన్నారు. ఆర్టిజన్ అన్న మాట ఎంత సౌకర్యమో చూడండి. దర్జీ అంటే రేటు అడుగుతుంది. ఆర్టిజన్ అంటే వారసత్వం, సంప్రదాయం, అదో పవిత్రమైన గుంపు. గుంపుకి రేటు చెప్పనక్కర్లేదు.

బట్ట మీద కుట్టినామె పేరు వెయ్యాలని అడుగుదామా అని ఆమెతో అన్నాను. నా స్త్రీవాదం నాది కదా. ఆమె మిషన్ ఆపకుండానే అంది: "పేరేం జేస్కుంట మేడం? రేటు పెంచమనుండ్రి. చినిగితె కోయొద్దనుండ్రి." ఆ రెండూ ఎప్పుడైనా అమలైతే మూడోది పేరు. వరస ఆమె చెప్పిందే.

పాత జరీ చీరలు కొంటామని తిరిగేవాళ్ళు ఇంతకన్నా నయమనిపిస్తుంది నాకు. ఆయన చీర మీద కవిత్వం చెప్పడు. జరీని గీటురాయి మీద గీసి, అది వెండి మీద బంగారపు పూతా, ఉత్త రాగితీగా తేల్చుకుని, కాల్చి వెండి తీసుకుంటాడు. ఆయన లెక్కలో అమ్మమ్మ లేదు, తూకం ఉంది. మోసం చేస్తే తూకంలో చేస్తాడు, జ్ఞాపకంలో చెయ్యడు.

బట్ట సంగతి ఇలా ఉంటే, కట్ సంగతి మరీ విచిత్రం. అమెరికాలో ఇంట్లో కుట్టుకునే ఆడవాళ్ళకోసం పలచని కాగితంతో బట్టల నమూనాలు అచ్చుగా అమ్మడం పందొమ్మిదో శతాబ్దం నడుమ మొదలైంది. ఎలెన్ డెమోరెస్ట్ అనే ఆమె 1860 నుంచే తమ ఫ్యాషన్ పత్రికతోపాటు కాగితం నమూనాలు అమ్మింది. పేటెంటు తీసుకోలేదు. 1863లో ఎబెనెజర్ బటరిక్ అనే దర్జీ కొలతలవారీగా నమూనాలు తయారుచేసి పెద్ద వ్యాపారం కట్టాడు. కథలో ఆ ఆలోచన అతని భార్యదే అంటారు. చరిత్ర పుస్తకాల్లో మొదటి పేరు ఎవరిదో చెప్పనక్కర్లేదు. ఇప్పుడక్కడ ఆ కాలపు నమూనా కవర్లు పోగుచేసి, పాత బట్టతో పాత కట్ కుట్టుకునే ఆడవాళ్ళు చాలామంది. ఆ కవరులోని కాగితం మీద ఎవరో పెన్సిల్‌తో తన నడుము కొలత దిద్దుకుని ఉంటుంది. పుస్తకం మార్జిన్‌లో రాసుకున్నట్టు. నాకు ఆ సంగతి చాలా ఇష్టం.

మనకి కాగితం కవర్లు లేవు. మనకి ఆది జాకెట్టు ఉంది. కొలతలు చెప్పనవసరం లేకుండా, ఒంటికి బాగా కుదిరిన పాత జాకెట్టొకటి దర్జీకిస్తాం, దాన్ని బట్టి కొత్తది కుడుతుంది. ఆ ఆది జాకెట్టు పాతబడితే దాన్ని బట్టి కుట్టిన మరోటి ఆది అవుతుంది. అలా ఒక కట్ ఒంటినుంచి ఒంటికి నడిచొస్తుంది. కాన్పయ్యాక చంకల్లో అరంగుళం వదలాలనీ, ఒక భుజం వాలి ఉన్నవాళ్ళకి ఆ పక్క పావంగుళం దింపాలనీ, పాలిచ్చేవాళ్ళకి హుక్కులు ముందే ఉండాలనీ ఈ జ్ఞానమంతా ఎక్కడా అచ్చు కాలేదు. పాత దినపత్రిక మీద గీసి, కత్తిరించి, సూదిగుచ్చి, మిషన్ సొరుగులో దాచిన కాగితాల్లో ఉంది. ఆడవాళ్ళ ఆరోగ్యం మీద, శరీరం మీద ఇన్ని పుస్తకాలు తెచ్చుకున్నాం. ఆడవాళ్ళ ఒంటి కొలతలు జీవితమంతా రాసిపెట్టుకున్న దర్జీ నోటుపుస్తకాన్ని ఒక్కసారైనా ఆధారంగా చూశామా?

2018లో 'మహానటి' సినిమా వచ్చింది. వేషధారణకి జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఆ తర్వాత బుట్టచేతులూ మోచేతిదాకా చేతులూ మళ్ళీ షాపులకెక్కాయి. బాగున్నాయి, కాదనను. కానీ ఆ కట్‌ని పక్కాగా కుట్టగలిగినవాళ్ళు ఎవరంటే, అరవై దాటిన దర్జీలు. బుట్టచెయ్యికి కుచ్చు ఎక్కడ ఎక్కువ పోసి ఎక్కడ తగ్గించాలో వాళ్ళ వేళ్ళకి తెలుసు. వాళ్ళ దగ్గర నేర్చుకుని వచ్చినవాళ్ళు దాన్ని 'రెట్రో ప్యాటర్న్' అని వర్క్‌షాపు పెట్టి నేర్పుతున్నారు, ఫీజు తీసుకుని. నేర్పిన ముసలామె ఆ గదిలో కూడా ఉండదు.

ఇక అమ్మమ్మ పెట్టె. ఈ వింటేజ్ ప్రేమలన్నీ ఒక ట్రంకుపెట్టెతోనే మొదలవుతాయి. పెట్టె తెరుస్తారు, నాఫ్తలీన్ వాసన వస్తుంది, వెంకటగిరో గద్వాలో బయటపడుతుంది. మన పత్రికల్లో కూడా ఈ పెట్టె మీద ఎన్ని జ్ఞాపకాల వ్యాసాలొచ్చాయో! పెట్టె ఎవరికుంది అన్న ప్రశ్న మాత్రం రాదు. ఉన్న రెండు చీరల్లో ఒకటి కట్టి ఒకటి ఉతికిన ఆడవాళ్ళ దగ్గర నలభై ఏళ్ళ చీర మిగలదు. రవిక వేసుకోవడానికే కొన్ని కులాల ఆడవాళ్ళు కొట్లాడాల్సి వచ్చిన దేశం ఇది. తిరువాన్కూరులో నాడార్ ఆడవాళ్ళు పైబట్ట కోసం దశాబ్దాలు పోరాడితే, 1859లోగానీ రాజు దిగిరాలేదు. అలాంటి చోట 'మా పూర్వీకుల జాకెట్టు కట్' అని మనం మురిసిపోతున్నామంటే ఆ 'మా'లో ఎవరున్నారో చూసుకోవాలి.

అంతకన్నా సూటి సంగతి ఇంకోటుంది. ఎన్నో కుటుంబాలకి పాత బట్ట వారసత్వంగా రాలేదు, కూలిగా వచ్చింది. చాకలామెకి, పురుళ్ళు పోసిన మంత్రసానికి, దొడ్లు ఊడ్చినామెకి పాతచీర ఇవ్వడం జీతంలో భాగమే. కొత్తది ఇవ్వకుండా తప్పించుకునే మార్గం. ఎవరో కట్టి విడిచిన చీర కట్టుకున్నామె కూతురు యూనివర్సిటీకొచ్చి, ఇతరులు విడిచిన బట్టని వేలు పోసి కొనుక్కుని గర్వపడే ఫ్యాషన్‌ని చూసినప్పుడు ఆమెకేమనిపిస్తుంది? నా దగ్గర చదివిన ఒకమ్మాయి సెమినార్లో సూటిగా అడిగింది: "మేడం, మా అమ్మ కట్టుకుంటే ఎంగిలి చీర, మీరు కట్టుకుంటే సస్టైనబులా?" ఆ రోజు సమర్పించిన పత్రాలన్నిటికన్నా ఆ ఒక్క వాక్యంలో ఎక్కువ సిద్ధాంతం ఉంది.

లంబాడీ బట్టల దగ్గరికి వస్తే ఇంకా కోపం. ఫేటియా, కాంచళి, టుక్రీ. ఒక్కో ఫేటియా అంచు మీద ఎన్ని అద్దాలు, ఎన్ని గవ్వలు, ఎన్ని రకాల కుట్లు! పెళ్ళికి కుట్టుకున్నది, ఏళ్ళతరబడి కుట్టినది. తండాల్లో పాతవాటిని చవగ్గా కొని, కోసి, చేతిసంచులకీ దిండ్లకీ అతికిస్తారు. అద్దాలున్న ముక్క సంచి ముందువైపుకి, మిగతాది చెత్తకి. నిండు వాక్యాల పుస్తకాన్ని చించి, అందమైన పదాలు కత్తిరించి, గ్రీటింగ్ కార్డుల మీద అతికించడం లాంటిదే ఇది. పుస్తకం విషయంలో మనం ఊరుకుంటామా? తండా ఆడవాళ్ళు తామే తమ పాత బట్టలు అమ్ముకుంటున్నారుగా అంటారు. అవును, అప్పు తీర్చుకోవడానికి అమ్ముకుంటున్నారు.

ఈ కథ మన దగ్గరే పుట్టలేదు. పాత బట్టా, ఆడవాళ్ళ కుట్టూ, దాని వెలా అనే విషయం మీద స్త్రీవాద సాహిత్యంలో జరిగిన చర్చ ఎక్కువగా అమెరికా నల్లజాతి స్త్రీల బొంతల చుట్టూ తిరిగింది కనుక అక్కడిదాకా వెళ్ళాలి. 1837లో జార్జియాలో బానిసగా పుట్టిన హారియట్ పవర్స్ బైబిల్ కథలని గుడ్డముక్కలతో ఒక బొంత మీద కుట్టింది. 1886లో ఏథెన్స్ అనే ఊళ్ళో పత్తి సంతలో దాన్ని చూసిన ఒక చిత్రకళా ఉపాధ్యాయిని కొంటానంటే ఇవ్వనంది. కొన్నేళ్ళకి ఇల్లు గడవక పది డాలర్లకి ఇస్తానని తనే వెళ్ళింది. అయిదే ఇచ్చారు. ఆ తర్వాత కూడా తన బొంతని చూసుకోవడానికి ఆమె వాళ్ళింటికి వెళ్ళొచ్చేదట. ఆ బొంత ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఆ అయిదు డాలర్ల బేరం, మా వీధిలో రెండు వందల యాభై రూపాయల బేరం ఒకే లెక్కల పుస్తకంలో పక్కపక్క పేజీలు.

అలబామాలో జీస్‌బెండ్ అనే ఊరుంది. అక్కడి ఆడవాళ్ళు చిరిగిన పనిబట్టలతో, పత్తిచేలలో మోకాళ్ళు అరిగిన ప్యాంట్లతో బొంతలు కుట్టుకున్నారు. మిసూరీ పెట్‌వే 1942లో చనిపోయిన భర్త పొలం బట్టలన్నీ చింపి బొంత కుట్టింది, ఆయన్ని తల్చుకుంటూ కప్పుకోవడానికి. 2002లో ఆ ఊరి బొంతలు హ్యూస్టన్ మ్యూజియంలో గోడలకెక్కాయి, అక్కణ్ణుంచి న్యూయార్క్ విట్నీ మ్యూజియానికి వెళ్ళాయి. విమర్శకులు ఆధునిక చిత్రకళతో పోల్చారు. 2006లో తపాలా బిళ్ళల మీద అచ్చయ్యాయి. 2007లో అదే ఊరి కొందరు కుట్టుపని స్త్రీలు మాకు రావలసిన డబ్బు రాలేదని కోర్టుకి వెళ్ళారు. 2008లో రాజీ అయింది. మనం క్లాసులో జీస్‌బెండ్ బొమ్మలు చూపించేటప్పుడు 2002 దగ్గర ఆగిపోతాం. 2007 కూడా సిలబస్‌లో పెట్టాలని నా డిమాండ్.

ఆలిస్ వాకర్ 1973లో రాసిన 'ఎవ్రీడే యూజ్' కథ మనలో చాలామంది పాఠంగా చెప్పాం. పట్నంలో చదువుకున్న పెద్దకూతురు అమ్మమ్మ బొంతలు గోడకి వేలాడదీస్తానంటుంది. ఊళ్ళో ఉన్న చిన్నది కప్పుకుని చింపేస్తుందని ఆమె భయం. తల్లి చిన్నకూతురికే ఇస్తుంది. పాఠం చెప్పేటప్పుడు మనమంతా చిన్నకూతురి పక్షం. పరీక్ష పేపర్లు దిద్దాక, సాయంత్రం షాపుకెళ్ళి పెద్దకూతురిలా కొనుక్కొస్తాం. ఆ కథలో నాకు నచ్చేది చిన్నకూతురికి కుట్టడం వచ్చు అన్న సంగతి. బొంత చిరిగినా మళ్ళీ కుట్టగలదు. పెద్దదానికి ఆ బొంత దొరక్కపోతే చేతిలో ఇంకేమీ లేదు.

మన దగ్గర అంత దూరం వెళ్ళకుండా చెప్పగల సాక్ష్యం నర్సాపురం. మరియా మీస్ అక్కడి లేసు అల్లే ఆడవాళ్ళ గురించి పుస్తకం తెచ్చింది 1982లో. రోజుకి ఆరేడు గంటలు అల్లి విదేశాలకి సరుకు పంపుతున్న ఆడవాళ్ళని అందరూ గృహిణులనే అన్నారు. వాళ్ళు చేసేది తీరికవేళ పని అన్నారు. వ్యాపారం మగవాళ్ళది, తీరిక ఆడవాళ్ళది! ఆ లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. ఊరికి పేరొచ్చింది. కానీ గుర్తింపు పత్రం ఊరి పేరుని కాపాడుతుంది, అల్లే మనిషి గంట కూలిని కాపాడదు. పాత బట్టల వింటేజ్ వ్యాపారం కూడా సరిగ్గా ఈ 'తీరిక' మీదే నిలబడింది. ఇంట్లో కూర్చుని కుట్టుకుంటున్నారు కదా, పిల్లల్ని చూసుకుంటూనే కదా, అంతకన్నా ఎంతిస్తాం? నలభై ఏళ్ళ కిందటి ఆ పుస్తకంలోని వాక్యమే ఇవాళ షాపువాళ్ళ నోట వినపడుతోంది.

పర్యావరణం సంగతేమిటి అని అడుగుతారు. కొత్త బట్ట నేయడానికి, అద్దడానికి ఎన్ని నీళ్ళు, ఎంత విషం. పాతది మళ్ళీ వాడితే మంచిదే కదా? మంచిదే. అయితే ఆ మంచిని కనిపెట్టింది ఎవరు? చీర చిరిగితే పిల్లలకి పరికిణీ, పరికిణీ చిరిగితే పొత్తిగుడ్డలు, కొంగు ముక్క ఉయ్యాలకి, మిగిలింది మసిగుడ్డ, అదీ పోతే దీపానికి వత్తి. ఈ వరస మన ఇళ్ళల్లో ఎవరూ భూమిని కాపాడదామని పెట్టుకోలేదు, లేక పెట్టుకున్నారు. లేమి నేర్పిన నేర్పు అది. పర్యావరణం పేరు చెప్పి దాన్ని అమ్మేవాళ్ళు ఆ నేర్పున్నవాళ్ళకి కూలి పెంచితే భూమికేమీ నష్టం రాదు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. మన ఇల్లంటే సాహిత్యం.

ఎవరి నవలైనా కుదరలేదనుకోండి, సమీక్షకుడు ఏమంటాడు? అతుకుల బొంత. సంకలనం బాగా లేదు, అతుకుల బొంత. ఎవరి సిద్ధాంత గ్రంథమో అక్కడో ముక్క ఇక్కడో ముక్కగా ఉంది, అతుకుల బొంత. మగ విమర్శకులు అన్నారంటే సరే, వాళ్ళెప్పుడూ దబ్బనం పట్టినవాళ్ళు కాదు. మనమూ అంటున్నాం. ఇదే పత్రికలో, స్త్రీవాద విమర్శ రాస్తూ, ఇంకో ఆడమనిషి పుస్తకం మీద ఆ మాట వాడటం నేను చదివాను. ఎలేన్ షోవాల్టర్ 1980లలో అమెరికా స్త్రీల రచనకీ ముక్కలతుకు కుట్టుకీ ఉన్న చుట్టరికం గురించి పెద్ద వ్యాసం రాసింది. దాన్ని ఉదహరించిన చేత్తోనే మనం మన బొంతని తిట్టుగా వాడుతున్నాం.

బొంత ఎలా కుడతారో చూసినవాళ్ళెవరూ ఆ మాట అలా వాడరు. ముందు పైకి వచ్చే చీర ఏదో తేలుస్తారు. అన్నిటిలోకీ మెత్తనిదీ, ఇంకా రంగున్నదీ. ఒంటికి తగిలే అడుగువైపుకి బాగా నలిగిన నూలుచీర. మధ్యలో పొరలు. తండ్రి పంచె, పిల్లల లాగులు, చిల్లుపడిన దుప్పటి. ఒక పొరలో చిల్లున్నచోట పై పొరలో చిల్లు రాకూడదు, కనుక ప్రతి ముక్కనీ తిప్పి తిప్పి పరుస్తారు. నేలమీద పరిచి, ముడతలు లేకుండా అరచేత్తో తోసి, నాలుగు మూలలా బరువులు పెడతారు. అంచులు మడిచి ముందు చుట్టూ కుట్టుకొచ్చి, తర్వాత వరసలు. వరసకీ వరసకీ ఎడం వేళ్ళతోనే కొలుస్తారు. ఎడం ఎక్కువైతే ఉతికినప్పుడు లోపలి పీలికలు ఉండకడతాయి, తక్కువైతే బొంత అట్టలా బిగుసుకుపోతుంది. ఇద్దరు ముగ్గురు ఎదురెదురుగా కూర్చుని కుడతారు. ఎవరి కుట్టు ఎక్కడ మొదలైందో ఆ వరసల్లో తెలుస్తూనే ఉంటుంది, ఒకరిది పొడుగు, ఒకరిది పొట్టి. మా అమ్మమ్మ వరస కాస్త ఎడమకి వంగుతుంది. ఆమెకి కుడికన్ను సరిగా ఆనేది కాదు.

నిర్మాణం గురించి ఇంతకన్నా ఎక్కువ ఆలోచించే నవలాకారిణి మనలో ఎంతమంది? ఏ ముక్క ఎక్కడ పెడితే బరువు ఆగుతుందో, ఏది దాచాలో, ఏది పైకి రావాలో, ఎక్కడ వదులు వదలాలో. దీన్ని తిట్టుగా వాడుతున్నామంటే కుట్టుపని చదువు కాదన్న పితృస్వామ్యపు మాట మన నోట్లోనే ఉందన్నమాట. బెంగాల్ కాంతాకి మ్యూజియాలూ, పుస్తకాలూ, 2008 నుంచి భౌగోళిక గుర్తింపూ ఉన్నాయి. దాని మీద బొమ్మలుంటాయి, పద్మాలుంటాయి, కళ అని ఒప్పుకోవడం తేలిక. మన బొంత మీద వరసలే. పేదరికం కనిపిస్తుంది. అందుకే మన విమర్శకి అది తిట్టయింది, మార్కెట్‌కి ఇంకా సరుకు కాలేదు. రేపో మాపో అవుతుంది. కాకముందే మనం చెయ్యవలసిన పనులున్నాయి.

విశ్వవిద్యాలయాల స్త్రీ అధ్యయన కేంద్రాల్లో ఉన్నవాళ్ళని అడుగుతున్నాను. మౌఖిక చరిత్రలు రికార్డు చేస్తున్నారు కదా, కుట్టే ఆడవాళ్ళని బొంత ముందు కూర్చోబెట్టి అడగండి. ఏ ముక్క ఎవరిది, ఏ ఏడాది, ఎవరు కుట్టారు, ఎంత ఇచ్చారు. పేర్లు రాయండి, రేట్లు కూడా రాయండి. పాత దర్జీ నోటుపుస్తకాలు తుక్కుకి పోకముందే అడిగి తీసుకోండి, ఊరికే కాదు, డబ్బిచ్చి. బొటిక్‌లో కొనేవాళ్ళని అడుగుతున్నాను. ఎవరు కుట్టారు, ఎంతిచ్చారు, చిరిగితే ఎవరి నష్టం అని కౌంటర్ దగ్గర గట్టిగా అడగండి. నేను అడిగినప్పుడు మేనేజర్‌ని పిలిపించారు. పదిమంది అడిగితే ఎంతమందిని పిలిపిస్తారో చూద్దాం.

ఇక సంపాదకవర్గానికి. వచ్చే సంచికకి పుస్తక సమీక్షలు పంపే ఆడవాళ్ళందరికీ ముందే చెప్పండి. నచ్చని పుస్తకాన్ని నచ్చలేదని రాయొచ్చు, కుదరలేదని రాయొచ్చు, తొందరపడి అచ్చేశారని రాయొచ్చు. అతుకుల బొంత అని రాస్తే మాత్రం, కింద నాకు అరపేజీ జవాబు చోటు అట్టిపెట్టండి.